వెల్లకిలా

గరగర... గరగర...

తెల్ల కాగితం మీద ఒక నల్ల పెంకు పురుగు వెల్లకిలా పడి ఉంది. వీపు డొప్ప కాగితానికి రాసుకుంటోంది. ఆరు కాళ్ళూ గాలిలో దేన్నో వెతుక్కుంటున్నాయి. పట్టుకోవడానికి ఓ గడ్డిపోచ, ఓ ఎండుటాకు, ఓ మట్టిబెడ్డ...

అక్కడ ఏమీ లేదు. కింద కాగితం. పైన ట్యూబులైటు. మధ్యలో వంగిన ఆమె ముఖం.

ఆమె దాన్ని తాకదు.

తాకకూడదు. ఆ ల్యాబు గదిలో చేరిన మొదటి రోజున నేర్పేది అదే. పురుగును వెల్లకిలా వేయాలి. చేతులు వెనక్కి తీసుకోవాలి. చూడాలి. తనంతట తాను బోర్లా తిరిగితే బతికినట్టు. తిరగకపోతే, తిరగనట్టు. చావు అనే మాట ఆ గదిలో ఎవరూ అనరు. 'తిరగలేదు' అంటారు, తుడిచేస్తారు, ఇంకోదాన్ని వేస్తారు. జాలిపడి మధ్యలో వేలు అందించేవాళ్ళు ఆ పనికి పనికిరారు.

ఆమె వేలు మాత్రం ప్రతిసారీ ముందుకు వస్తుంది. ప్రతిసారీ దాన్ని కోటు జేబులో దాచుకుంటుంది.

పురుగు ఒక పక్కకు ఒరిగింది. ఆగింది. మళ్ళీ ఒరిగింది...

తిరిగింది.

కాళ్ళకు కాగితం దొరికింది. నలుగురిలో జారిపడి లేచిన పెద్దమనిషిలా అటూ ఇటూ చూడకుండా గబగబా వెళ్ళిపోయింది. ఆమె ఊపిరి వదిలింది. పసిపిల్ల మొదటిసారి బోర్లాపడితే ఇంట్లోవాళ్ళు ఎంత సంబరపడతారో, రోజూ ఆమె లోలోపల అంత సంబరపడుతుంది. బయటికి చెబితే నవ్వుతారని చెప్పదు.

ఇది ఏటవతలి అడవి పురుగు.

ఆమె భయమంతా రెండో పెట్టెలో ఉంది.

*

పెట్టెలు రెండు. పురుగులది ఒకే జాతి. ఒకే నలుపు, ఒకే మెరుపు, ఒకే తొందర. కలిపేస్తే మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే పెట్టెలకు రెండు రంగుల పట్టీలు. ఆకుపచ్చ పట్టీ పెట్టెలోవి ఏటవతలి అడవివి. ఎర్ర పట్టీ పెట్టెలోవి జింకు ఫ్యాక్టరీ వెనక అడవివి.

రెండు చోట్లా ఆమే పట్టుకొచ్చింది. పనేమంత బ్రహ్మవిద్య కాదు. ప్లాస్టిక్ గ్లాసును అంచు దాకా నేలలో పాతిపెట్టాలి. వాన పడకుండా పైన ఓ చెక్కముక్క నిలబెట్టాలి. దారిన పోయే పురుగు గ్లాసులో పడుతుంది. తెల్లారి వెళ్ళి తీసుకురావాలి.

ఏటవతల తవ్వితే మట్టి నల్లగా, మెత్తగా వేళ్ళ సందుల్లోంచి జారుతుంది. నిరుటి ఆకు ఏదని వెతికినా కనిపించదు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది.

ఫ్యాక్టరీ వెనక ఆకు మట్టిలో కలవదు.

రాలిన ఆకు రాలినట్టే ఉంటుంది. దాని కింద నిరుటి ఆకు. దాని కింద ముందటేటి ఆకు. ఎండి, పెళుసై, ఒకదాని మీద ఒకటి పరుపులా పేరుకుపోయి... ఆకును కుళ్ళబెట్టి మట్టి చేసే ప్రాణులు అక్కడ నిలవలేవు. పొగగొట్టం ఎన్నో ఏళ్ళు ఆ అడవి మీద జింకు, సీసం లోహాలు చల్లింది. కంటికి కనిపించని పొడి. వానతో దిగింది, మట్టిలో ఇంకింది, వేళ్ళలోకి ఎక్కింది. ఫ్యాక్టరీ మూతపడింది. పొడి ఎక్కడికీ పోలేదు.

చిన్నప్పుడు ఆమె ఆ ఆకుల పరుపు మీద దూకి ఆడుకునేది. చప్పుడు బాగుండేది.

గరగర... గరగర...

ఇప్పుడు గ్లాసులు పాతడానికి వెళ్ళినప్పుడల్లా ఆ చప్పుడుకు ఒళ్ళు జలదరిస్తుంది. కాలు ఎక్కడ పెట్టినా ఆమె చిన్నతనం ఇంకా కుళ్ళకుండా అక్కడే ఉంది.

*

ఆమె నాన్నను ఫ్యాక్టరీ కాలనీలో అందరూ గట్టిపిండం అంటారు.

ఏడో నెలలోనే పుట్టాడట. గుప్పెడంత ఉన్నాడట. ఇవాళో రేపో అన్నారట అందరూ. వాళ్ళమ్మ ఆ మాట చెవిన పెట్టకుండా పిల్లాడిని పొయ్యి పక్కన వెచ్చగా పడుకోబెట్టుకుని కూర్చుందట. బతికాడు. బతకడమే కాదు, పెరిగి జింకు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర నిలబడ్డాడు. ఆ వేడికి కొత్తగా చేరినవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతుంటే ఈయన పాటలు పాడుకుంటూ పని చేశాడు. ఆ పాటలకు కూడా ఒకరిద్దరు పడిపోయి ఉంటారని అమ్మ అంటుంది.

పొగ తాగి పెరిగిన ఒళ్ళు. ఆయనకు అదే గర్వం. జలుబు చేసినా ఒప్పుకోడు. పళ్ళు కదిలినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి గోడ మీద రంగు బాగుందని మెచ్చుకున్నా... తనకేమీ లేదంటాడు.

కొలిమి చల్లారాక కాలనీ మగవాళ్ళు తలో దారి పట్టారు. ఈయన ధాన్యం గోదాముల్లో పురుగుల మందు కొట్టే పనికి కుదిరాడు. వీపున మందు ట్యాంకు, చేతిలో గొట్టం. మూతపెట్టిన గోదాములోకి వెళ్ళి మూల మూలకీ కొట్టుకుంటూ బయటికి రావాలి. ముఖానికి మాస్కు ఇచ్చారు. రబ్బరుది, బరువైనది. అది పెట్టుకుంటే ఊపిరాడదని మొదట్నుంచీ గొణిగేవాడు. అయినా పెట్టుకునేవాడు.

కిందటి నెల దాకా.

కిందటి నెల ఒక సాయంత్రం అన్నాల దగ్గర ఆమె సంతోషం పట్టలేక ఒక మాట చెప్పింది. ఫ్యాక్టరీ వెనక పురుగులను కోసి చూశారు. ఒంట్లో అంత లోహం ఉండి బతకగలవా అన్నంత లోహం ఉంది. అయినా నడుస్తున్నాయి, తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి. ఏటవతలి వాటికి ఏమాత్రం తీసిపోకుండా ఉన్నాయి. ఆమె కూడా ఆ మట్టిలో పెరిగిన పిల్లే. ఆ మాట చెబుతుంటే తన సొంతవాళ్ళ గురించి చెబుతున్నట్టే అనిపించింది.

నాన్న తింటున్న చెయ్యి ఆపాడు. ముఖం వెలిగిపోయింది.

"చూశావా మరి! పురుగైనా సరే, మన కాలనీదైతే ఆ దమ్మే వేరు."

పురుగుతో పోలిక దొరికిందని ఇంత మురిసిపోయే మనిషిని లోకంలో మిమ్మల్నొక్కరినే చూశానని అమ్మ అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ మర్నాటి నుంచి మాస్కు మేకుకు వేలాడుతోంది. అమ్మ అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటోంది.

మాట ఇంట్లో ఆగలేదు. మా అమ్మాయి వాళ్ళ ల్యాబులోనే తేల్చారని నాన్న గోదాములో చెప్పాడు. మేస్త్రీకి అది వరమైంది. కాలనీవాళ్ళు గట్టివాళ్ళు, వాళ్ళను ముందు పంపితే సరి అన్నాడు. కాలనీవాళ్ళకూ ఆ మాట తియ్యగానే ఉంది. ఇన్నేళ్ళు మింగిన పొగకు ఇన్నాళ్ళకు ఒక విలువ దొరికింది మరి. కొత్త గోదాము తెరిస్తే తలుపు దగ్గర ఇప్పుడు అదే వరుస. ముందు కొలిమివాళ్ళు, గట్టిపిండం అందరికంటే ముందు.

*

ఈ ఉదయం మొదలైంది రెండో పరీక్ష.

మేడమ్ ఒక చిన్న సీసా ఇచ్చింది. మేడమ్ అంటే ఆ గదికి పెద్ద. తక్కువ మాట్లాడే మనిషి. గోదాముల్లో కొట్టే మందే, బాగా పలచన చేసినది. రెండు పెట్టెల పురుగులకూ పొట్ట మీద ఒక్కో చుక్క వేయాలి. ఒకే మందు, ఒకే చుక్క. తర్వాత వెల్లకిలా వేయాలి. చూడాలి.

ఆమె ఎర్ర పట్టీ పెట్టె మీదే ఆశ పెట్టుకుంది. అన్నీ ఓర్చుకున్నవి ఇది ఓర్చుకోలేవా అనుకుంది. మనసులో పందెం కూడా కాసింది.

ఆకుపచ్చ పట్టీ పురుగు కాళ్ళు కొట్టుకుంది. తిరిగింది.

ఎర్ర పట్టీ పురుగు కాళ్ళు కొట్టుకుంది.

కొట్టుకుంది...

కాళ్ళు ఒక్కొక్కటే మెల్లబడ్డాయి. ఒకటి ఆగింది. పక్కది ఆగింది. చివరిది చాలాసేపు గాలిలో ఊగుతూనే ఉంది. ఆమె జేబులో వేలు బిగుసుకుపోయింది.

తిరగలేదు.

ఇంకోదాన్ని వేసింది. తిరగలేదు. ఇంకోటి. ఇంకోటి... మధ్యలో ఒకటి తిరిగింది. ప్రాణం లేచి వచ్చింది. తర్వాతది తిరగలేదు. పట్టీలు తారుమారయ్యాయేమోనని పెట్టెలు తిప్పి చూసింది. మారలేదు. సీసా అడుగున మందు చిక్కగా పేరిందేమోనని కొత్త సీసా కలిపింది. అదే చుక్క. ఏటవతలివి చాలావరకు తిరిగి వెళ్ళిపోతున్నాయి. ఫ్యాక్టరీవి చాలావరకు అక్కడే ఆగిపోతున్నాయి.

గరగర...

ఆ తర్వాత చప్పుడు లేదు.

మేడమ్ వచ్చి ఆమె వెనక నిలబడింది. చాలాసేపు చూసింది. అవి నిన్నటిదాకా బాగానే ఉన్నాయి కదా అని ఆమె అడిగింది.

"బాగా ఉండటానికే వాటి బలమంతా అయిపోతోందేమో," అంది మేడమ్. "లోపల చేరిన లోహాన్ని పొద్దస్తమానం బయటికి తోస్తూనే ఉండాలి. ఆ పని ఆపితే చచ్చిపోతాయి. ఇప్పుడు కొత్త విషం వచ్చింది. దానికి ఎదురు నిలబడటానికి ఇంకేం మిగిలింది?"

ఇంకా చాలా చూడాలి, ఇప్పుడే తేల్చి చెప్పలేమని కూడా అంది. పురుగు పురుగే, మనిషి మనిషే, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకకూడదని కూడా అంది. మేడమ్ ఉన్నమాట చెప్పే మనిషి. ఆ మాటలు నిజమే.

కానీ ఆమె అప్పటికే దూకేసింది.

మాస్కులో బట్టల క్లిప్పులు. మెట్ల మధ్యలో ఆగి గోడ రంగు మెచ్చుకునే మనిషి. తిమ్మిరెక్కే వేళ్ళు. ఇన్నాళ్ళూ దాన్నంతా గట్టితనం అనుకున్నారు. లోపల ఆ ఒళ్ళు క్షణం తీరిక లేకుండా తోస్తూనే ఉందేమో... తోసి తోసి అలిసిపోయి ఉందేమో...

ఇవాళ కొత్త గోదాము తెరుస్తున్నారు. పొద్దున్నే చెప్పాడు. తానే ముందు వెళ్తానని కూడా చెప్పాడు.

ఆమె ఫోను అందుకుంది.

*

నాన్న ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ చేసింది. మోగింది. మందు కొట్టేముందు చొక్కా విప్పి బయట మేకుకు తగిలిస్తాడని, ఫోను ఆ చొక్కా జేబులోనే ఉంటుందని ఆమెకు తెలుసు. ఎవరూ లేని జేబులో మోగుతూనే ఉంది.

బస్సులో కూర్చోలేకపోయింది. నిలబడింది. చేతులకు మందు వాసన ఉందేమోనని మాటిమాటికీ చూసుకుంది. ల్యాబులో సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునే వచ్చింది. అయినా ఎవరికీ తగలకుండా చేతులు దగ్గరికి ముడుచుకుంది. తన ఒంట్లోనూ అదే మట్టి ఉంది. ఆ సంగతి ఆలోచించడానికి ఇప్పుడు తీరిక లేదు. తర్వాత భయపడాలి. ముందు ఈ భయం తీరాలి.

రోడ్డు పక్క చెట్టు నుంచి ఒక ఆకు రాలి బస్సు అద్దానికి అంటుకుంది. కొంతదూరం ఆమెతో పాటే వచ్చింది. ఎగిరిపోయింది.

వీధి చివర గోదాములు. వరుసగా రేకుల తలుపులు. ఒక తలుపు ముందు ఇద్దరు ముగ్గురు మనుషులు. గాలిలో ఘాటైన వాసన, ఉదయం సీసా మూత తీసినప్పటి వాసనే. అక్కడ ఒక చుక్క. ఇక్కడ ట్యాంకు.

మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. మర్యాదస్తుడే. కంగారుపడకండమ్మా, మీ నాన్న లోపల పని ముగిస్తున్నాడన్నాడు. తలుపు తియ్యమంది. వాసన బయటికి పోతే మందు పనిచేయదన్నాడు. తియ్యమని మళ్ళీ అంది.

"ఆయనకేమవుతుందమ్మా? కొలిమి మనిషి. మీరే చెప్పారటగా, పురుగులకే ఏమీ కాలేదని."

తన నోటి నుంచి వెళ్ళిన మాట ఎంత దూరం తిరిగి ఈ తలుపు దగ్గర కాపలా కూర్చుందో ఆమె అప్పుడు చూసింది. దాన్ని దాటి రెండు చేతులతో రేకు తలుపును పట్టి లాగింది.

తలుపు కదిలింది. వెలుగు లోపలికి పడింది.

ఆ వెలుగులోకి ఇద్దరు నడిచి వచ్చారు.

ఒకరు నాన్న. రెండోవాడు ఏటవతలి వాడు, నాన్న ఈడువాడే, కొత్తగా చేరినవాడు. ఇద్దరి వీపుల మీదా ట్యాంకులు. ఇద్దరి ముఖాలకూ మాస్కులు లేవు. గట్టిపిండం పెట్టుకోనప్పుడు నేను పెట్టుకుంటే ఏం బాగుంటుందని రెండోవాడూ మానేశాడట.

ఒకే గోదాము. ఒకే మందు.

నాన్న నడుస్తున్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన ఆమెను చూసి, ఈ వేళప్పుడు ఇక్కడికి వచ్చావు, ఉద్యోగం పీకేశారా ఏంటని ఆటపట్టించాడు. ట్యాంకు దించాడు. దించేటప్పుడు చెయ్యి ఒకసారి తప్పింది.

ఆమె చెప్పింది. గబగబా, తడబడుతూ, ఎర్ర పట్టీ పురుగులు తిరగలేదని చెప్పింది.

ఆయన నవ్వబోయాడు.

నవ్వు సగంలో ఆగింది. నుదుటి మీద చెమట ధారలు కట్టింది. నోటి చివర నీరు ఊరి గడ్డం మీదికి జారింది, ఆయన తుడుచుకోలేదు. ఆమె దగ్గరికి వెళ్ళి కళ్ళలోకి చూసింది. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. అంత ఎండలో కూడా చీకటిలో తడుముకుంటున్నట్టు చూస్తున్నాడు.

పక్కన ఏటవతలి వాడు కొంచెం తల పట్టేసిందంటూ పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

నాన్న కూర్చున్నాడు. తర్వాత ఒరిగాడు. గోనె సంచుల మీద వెల్లకిలా...

ఆమె చేతులు ఆగలేదు. ఆంబులెన్సుకు ఫోను చేయమని మేస్త్రీకి చెప్పింది. మందు పేరు కూడా చెప్పమని గట్టిగా చెప్పింది. ఏటవతలి వాడు బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. బనీను చింపి తీసేశారు. మేస్త్రీ చేతి తొడుగులు లాక్కుని తొడుక్కుని సబ్బుతో మెడ, చేతులు, వీపు కడిగింది. తాను ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఈ వీపు మీదే ఊరేగింది. మేస్త్రీ ఫోనులో అడ్రసు చెబుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. బయలుదేరారట. వస్తున్నారట.

నాన్న పిక్కల్లో కండ తనంతట తాను ఎగిరెగిరి పడుతోంది. మడమలు గోనె మీద రాసుకుంటున్నాయి.

గరగర... గరగర...

కళ్ళు ఆమె కోసం వెతికాయి. పెదవులు కదిలాయి. ఆమె చెవి దగ్గరికి తెచ్చింది.

"వెల్లకిలా వేశావే అమ్మడూ... తిరుగుతానో లేదో చూస్తావా?"

ఆటపట్టిస్తున్నాడు. ఇప్పుడు కూడా.

"లేదు నాన్నా," అంది. "చూడను."

*

నిద్ర లేచేటప్పుడు నాన్న ఎప్పుడూ కుడి పక్కకే ఒత్తిగిల్లుతాడు. కుడి చెయ్యి నేలకు ఆనించి, ఒక్క మూలుగు మూలిగి, లేస్తాడు. రోజూ గోడ అవతల నుంచి ఆ మూలుగు విని ఆమె కాఫీకి లేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు.

ఇప్పుడు ఆ కుడి చెయ్యి లేచింది. గాలిలో దేన్నో వెతుక్కుంది.

వెల్లకిలా ఉంటే నోట్లో ఊరే నీరు ఊపిరికి అడ్డం పడుతుంది. పక్కకు తిప్పాలి. అది ఎవరికైనా తెలిసిన సంగతే. కానీ ఆమె లోపల ఎక్కడో, ఆ తెల్ల గదిలో, ట్యూబులైటు కింద, ఒక గొంతు చెబుతూనే ఉంది. తాకకూడదు. చేతులు వెనక్కి తీసుకోవాలి. తనంతట తాను తిరిగితేనే...

ఆమె రెండు చేతులూ ఆయన ఎడమ భుజం కిందికి పోనిచ్చింది.

తోసింది.

బరువు. కొలిమి ముందు నిలబడ్డ బరువు. ఇన్నేళ్ళు ఊపిరితో లోపలికి పోయి మళ్ళీ బయటికి రాని ఆ పొడి బరువంతా తన అరచేతుల మీదే ఉన్నట్టు అనిపించింది. తోసింది. మోకాళ్ళు నేలకు ఆనించి, పళ్ళు బిగించి, తోసింది.

ఆయన ఒక పక్కకు ఒరిగాడు. ఆగాడు. మళ్ళీ ఒరిగాడు...

కుడి పక్కకు తిరిగాడు. చెంప గోనె సంచికి ఆనింది. నోట్లోంచి నీరు బయటికి జారింది. ఊపిరి చిన్నగా, తెగుతూ, మళ్ళీ అందుకుంటూ... ఉంది.

తిరిగింది ఆయన బలంతోనో, ఆమె చేతుల బలంతోనో తెలియదు. ఇప్పుడు ఆ పక్కకు నిలిపి ఉంచుతున్నది ఆయన ఒళ్ళేనో, ఆమె అరచేతులేనో అదీ తెలియదు.

చేతులు తీస్తే తెలుస్తుంది.

వీధి మలుపులో ఏదో బండి చప్పుడు. గోదాము ముందు ఎండుటాకులు గాలికి కదిలాయి.

ఆమె చేతులు తీయలేదు.

ఆయన మడమ ఒకటి గోనె మీద మెల్లగా జరిగింది.

గరగర...

ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుని, ఆ వీపుకు తన నుదురు ఆనించి, తర్వాతి చప్పుడు కోసం చెవులు రిక్కించింది.